మైనస్ ముప్పైలో ట్రాక్టరు

వేటపాలెం, చీరాల చుట్టుపక్కల ట్రాక్టరు మెకానిక్కు దొరికే పనిలో సగం వేడిని దించే పనే. రేడియేటరు కారుతోందని ఒకడొస్తాడు, ఫ్యాను బెల్టు తెగిందని ఇంకొకడొస్తాడు, ఎండలో రోటవేటరు వేస్తుంటే నీళ్లు మరిగి మూత ఎగిరిందని మరొకడు. సముద్రం పక్క ఊళ్లు కాబట్టి బోర్లలో ఉప్పు నీళ్లు. కూలెంటుకు డబ్బు దండగని ఆ నీళ్లే పోస్తారు, లోపల గార కడుతుంది. మేలో ఇంజిన్ మరీ కాగిపోతుంటే థర్మోస్టాటు వాల్వు పీకి గూట్లో పడేయడం మా వైపు మామూలు వైద్యం. ఆ వాల్వును మళ్లీ వేయించుకున్న రైతు నాకైతే తగల్లేదు.

చలికి ఇంజిన్ స్టార్టు కావడం లేదని వచ్చిన బండి మాత్రం లేదనే చెప్పాలి. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకు దిగితే మఫ్లర్లు తీస్తాం. ఆ పాటి చలికి పాత ఆయిల్ ఇంజిన్లు కాస్త మొరాయించేవి. ఇసుక నేలల్లో దొరువుల దగ్గర, ఫిల్టర్ పాయింట్ల దగ్గర కూర్చోబెట్టిన 5 హార్స్‌పవర్ ఇంజిన్లు అవి. డీకంప్రెషన్ లివరు ఎత్తి, హ్యాండిల్‌తో చక్రాన్ని ఊపందుకునేదాకా తిప్పి, లివరు వదిలితే డుగ్గుమని అందుకునేది. అందుకోకపోతే నీళ్ల తొట్టిలో చెంబుడు వేడినీళ్లు. అప్పటికీ కాకపోతే గుడ్డను కిరసనాయిల్లో తడిపి, వెలిగించి, గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టడం. మన రాష్ట్రంలో లంబసింగి కొండల మీద సున్నా దగ్గరికి దిగుతుందంటే విని ఆశ్చర్యపోవడమే తప్ప, ఆ చలిని నేను ఎరగను.

ఆ బతుకు బతికినవాణ్ణి జనవరిలో ఫార్గో వెళ్లాను. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం. మా అమ్మాయీ అల్లుడూ అక్కడ ఉంటారు. అల్లుడిది వ్యవసాయ యంత్రాల ఎలక్ట్రానిక్స్ పని. "వేసవిలో రా నాన్నా" అని అమ్మాయి మొత్తుకుంది. పుట్టబోయే మనవడు జనవరిలో వస్తానంటే మనం వేసవి దాకా ఆగుతామా? మిన్నియాపోలిస్‌లో విమానం దిగి, అక్కణ్ణించి 380 కిలోమీటర్లు కార్లో. దారి పొడుగునా తెలుపు తప్ప వేరే రంగు లేదు.

అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపగానే అల్లుడు చేసిన పని చూసి నిలబడిపోయాను. కారు ముందు జాలీలోంచి ఒక ప్లగ్గు వేలాడుతోంది. దాన్ని పట్టుకుని పక్కనున్న పొట్టి కరెంటు స్తంభానికి తగిలించాడు.

"ఎలక్ట్రిక్ కారా బాబూ?"

"కాదు మావయ్య గారూ, పెట్రోలు కారే. పొద్దున స్టార్టు కావాలి కదా, రాత్రి ఇంజిన్‌ను కరెంటుతో కాస్త వెచ్చబెడతాం."

పార్కింగులో అలాంటి స్తంభాలు వరసగా ఉన్నాయి. ముప్పయ్యేళ్లు ఇంజిన్ వేడి తగ్గించడానికి తిప్పలు పడ్డవాణ్ణి. ఇక్కడ డబ్బు కట్టి మరీ వేడి ఎక్కిస్తున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి టైం తేడా ఒక్కటే కారణం కాదు. పెట్రోలు బండికే ఇంత భోగమైతే డీజిలు ట్రాక్టరు సంగతేమిటి?

నా గోల పడలేక అల్లుడు తన ఆఫీసులో పనిచేసే ఒకాయన తండ్రి పొలానికి తీసుకెళ్లాడు. ఫార్గోకు ఉత్తరంగా, గ్రాండ్ ఫోర్క్స్ వెళ్లే దారిలో. ఆ నేలంతా ఒకప్పుడు అగాసీ అనే పెద్ద మంచినీటి సరస్సు అడుగట. వేల ఏళ్ల కింద ఆ సరస్సు పోయి నల్ల మట్టి మిగిలింది. మంచు కింద నాకు కనబడలేదు గానీ, షెడ్డులో టైర్ల గాడిలో ఎండి ఉన్న పెళ్లను చిదిమి చూశాను. మన నల్లరేగడికి తమ్ముడే. మెట్టా పల్లం తెలియనంత చదును. అక్కడి రెడ్ రివర్ నది ఉత్తరానికి, కెనడా వైపు పారుతుంది. ఎగువన దక్షిణాన మంచు ముందు కరిగి, దిగువన ఉత్తరాన ఇంకా గడ్డకట్టే ఉంటే నీళ్లు ఎక్కడికి పోతాయి? 1997లో గ్రాండ్ ఫోర్క్స్ ఊరు మునిగింది అలాంటి వరదలోనే.

ఆ రైతు తాతలు నార్వే నుంచి వచ్చినవాళ్లు. డెబ్బై దాటిన మనిషి. గోధుమ, సోయా, షుగర్ బీటు వేస్తాడు. పెద్ద ట్రాక్టర్లన్నీ వేడి చేసిన షెడ్డులో సుఖంగా ఉన్నాయి. వాటి మీద నాకు ఆసక్తి పోలేదు. పక్కన రేకుల కొట్టంలో, బయటి చలితో సమానమైన చలిలో రెండు చిన్న ట్రాక్టర్లున్నాయి. మంచు తోయడానికి, మేత బేళ్లు జరపడానికి వాడే 30 హార్స్‌పవర్ లోపు బండ్లు, 3 సిలిండర్లవి. మనవాళ్లు తోటలో తిప్పుకొనే మినీ ట్రాక్టరు సైజే. ఒకదానికి పక్క నుంచి వైరు వేలాడుతోంది, అది గోడకున్న టైమరుకు తగిలి ఉంది. రెండోది పాతది, దాని వైరు తగిలించలేదు. కొట్టం గోడ మీది థర్మామీటరు మైనస్ 29 చూపిస్తోంది.

నేను మెకానిక్కునని అల్లుడు చెప్పాడేమో, ఆయన మాటలు తగ్గించి చేత్తోనే చూపించాడు. ముందు పాత బండి ఆయిల్ గేజి లాగి నిలువుగా పట్టుకున్నాడు. ఆయిల్ కొసకు జారింది, అక్కడే ఆగింది, చుక్కగా పడలేదు. తర్వాత వైరు తగిలించిన బండి గేజి లాగాడు. చుక్కలు చకచకా పడ్డాయి. ఆ బండి బ్లాకు మీద చెయ్యి వేయమన్నాడు. గ్లౌజు తీసి వేశాను: గోరువెచ్చగా ఉంది. ఆ చలిలో ఇనుము మీద ఒట్టి చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోవాలనిపించని చోటు అదొక్కటే.

తర్వాత పాత బండి ఎక్కి, సెల్ఫ్ కొట్టమన్నాడు. హీటర్ ప్లగ్గులు వెలిగించి, పది పదిహేను సెకన్లు ఆగి కొట్టాను. ఉమ్... ఉమ్... అని రెండు మూలుగులు మూలిగి ఆగిపోయింది. బ్యాటరీ డౌన్ అయిందా అంటే లేదు, మొన్ననే కొత్తది వేశాడు.

ఇది ఎందుకో డీజిలు ఇంజిన్ తెలిసినవాడికి చెప్పాల్సిన పని లేదుగానీ, అంత చలిలో లెక్క ఎటు తిరుగుతుందో చూస్తే తప్ప నమ్మలేం. డీజిలు ఇంజిన్‌కు స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని 20వ వంతు చోట్లోకి నొక్కితే ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటుతుంది, అందులో చిమ్మిన డీజిలు అంటుకుంటుంది. నొక్కుడు నెమ్మదిగా సాగితే ఆ వేడిని చుట్టూ ఉన్న చల్లని ఇనుము తాగేస్తుంది. చలిలో సాగేది నెమ్మదిగానే: ఆయిల్ ముద్దవుతుంది కాబట్టి తిప్పడానికి బలం రెట్టింపు కావాలి, బ్యాటరీలోని రసాయనం మందగించి ఉన్న బలం సగానికి పడిపోతుంది. కావలసింది పెరిగి, ఉన్నది తరిగి, రెండూ కలిసి ఇంజిన్‌ను కట్టిపడేస్తాయి. హీటర్ ప్లగ్గు సిలిండరు నెత్తిన చిన్న చోటును ఎర్రగా కాల్చగలదు గానీ, కింద చాంబర్లో ముద్దయిన ఆయిల్‌ను ఏం చేస్తుంది? మన దగ్గర హీటర్ ప్లగ్గు బాగుంటే చాలు. మైనస్ ముప్పైలో అది ఆఖరి పది సెకన్ల పని, అంతే.

మొదటి మూడు గంటల పని వైరుది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని టార్చితో చూపించాడు. ఇంజిన్ బ్లాకు పోత పోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి పక్కల గుండ్రటి రంధ్రాలు వదిలి, తర్వాత ఇనుప బిళ్లలతో మూస్తారు. తుప్పు పట్టి కారితే మనం మార్చే బిళ్లలే. ఆ బిళ్లల్లో ఒకటి తీసి, ఆ కంతలో కరెంటు కాయిల్ బిగించారు. కాయిల్ కూలెంటులో మునిగి ఉంటుంది, గీజరు కాయిల్ నీళ్లలో ఉన్నట్టే. వేడెక్కిన కూలెంటు పైకి లేస్తుంది, చల్లనిది కిందికి దిగుతుంది, పంపు తిరగకపోయినా బ్లాకంతా నెమ్మదిగా కాగుతుంది. ఈ చిన్న ఇంజిన్‌కు 400 వాట్లు సరిపోతుంది, పెద్ద ట్రాక్టర్లకు వెయ్యి, పదిహేను వందలు. దానికి తోడు చాంబరు అడుగున రబ్బరు పలకలాంటి ఇంకో హీటరు అతికించి ఉంది, అది ఆయిల్‌కు. అయస్కాంతంతో అంటుకునే రకాలూ ఉన్నాయట. అవి ఏ బండికైనా పనికొస్తాయి గానీ మధ్యలో కొంచెం మట్టీ గ్రీజూ ఉన్నా వేడి ఎక్కదని ఆయన పెదవి విరిచాడు. కింది రేడియేటరు గొట్టాన్ని కోసి మధ్యలో బిగించేవి మరో రకం. ఆయనకు అవీ నచ్చవు. బ్లాకులో ఉన్నదే హీటరని ఆయన లెక్క. నాకూ అదే సబబనిపించింది.

రాత్రంతా కాలుతుందా అని అడిగాను. కరెంటు బిల్లు మన మొదటి ప్రశ్న కదా. అందుకే టైమరు. మూడు గంటలు చాలు, ఆ తర్వాత బ్లాకు ఎంత వేడెక్కాలో అంతే వేడెక్కి, మిగతాదంతా గాల్లో కలుస్తుంది. 400 వాట్లు 3 గంటలంటే 1.2 యూనిట్లు, రాత్రి పది గంటలు వదిలేస్తే 4 యూనిట్లు. తెల్లవారుజామున 4కు వెలిగేలా పెట్టుకుంటే 7కు బండి తయారు. వైరు విషయంలో మాత్రం ఆయన మరీ పట్టింపు మనిషి. వాళ్ల ఇళ్ల కరెంటు 120 వోల్టులు. వెయ్యి వాట్ల హీటరు మన 230 వోల్టుల మీద 4 ఆంపియర్ల పైచిలుకు లాగితే, అక్కడ 8 దాటుతుంది. సన్నటి వైరు పాము చుట్టలా చుట్టి పెడితే అది కూడా హీటరే అవుతుంది, గడ్డి ఉన్న కొట్టాల్లో. బ్లాకులో కూలెంటు లేకుండా ప్లగ్గు పెడితే కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది. అందుకని కూలెంటు నిండుగా ఉందో లేదో చూసి గానీ తగిలించడు. అదీ సగానికి సగం కలిపినది, మైనస్ 37 దాకా గడ్డకట్టదు. మన వాళ్లలా ఒట్టి నీళ్లు పోస్తే? "ఒక్క రాత్రి చాలు. నీళ్లు గడ్డకట్టి ఉబ్బి బ్లాకును చీలుస్తాయి" అన్నాడు. మన రేడియేటర్లలో ఉప్పు గార గురించి చెబితే ఆయనకు నవ్వొచ్చింది; బ్లాకు చీలడం వింటే నాకు రాలేదు.

కరెంటు రాకముందు ఈ ఊళ్లలో ఏం చేసేవారని అడిగాను. ఆయన తండ్రి రాత్రి రేడియేటరు నీళ్లు, చాంబరు ఆయిల్ రెండూ బకెట్లలోకి దింపి ఇంట్లో పొయ్యి పక్కన పెట్టేవాడట. పొద్దున నీళ్లు కాచి, ఆయిల్ వెచ్చబెట్టి తిరిగి పోసేవాడు. మన చెంబుడు వేడినీళ్ల వైద్యానికి అది పెద్దన్న.

1935, 36ల్లో అమెరికా ప్రభుత్వం పల్లెలకు కరెంటు ఇవ్వడానికి రైతు సహకార సంఘాలకు అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఇక్కడి గ్రాండ్ ఫోర్క్స్‌లో మిన్‌కోటా పవర్ అనే సహకార సంస్థకు మేనేజరుగా ఉన్న ఆండ్రూ ఫ్రీమన్ అనే ఇంజినీరు, సిలిండరు హెడ్డును బిగించే బోల్టుల్లో ఒకటి తీసి దాని స్థానంలో కరెంటుతో కాగే కడ్డీ పెట్టాడు. దానికి 1949 నవంబరులో పేటెంటు దక్కింది. పల్లెకు కరెంటు మోసుకెళ్లే మనిషికి, దాన్ని రైతు దేనికి వాడతాడన్నది కూడా తెలిసి ఉండటం నాకు నచ్చింది. మన దగ్గర కరెంటు పొలానికొచ్చి మోటారు తిప్పింది, వాళ్ల దగ్గర ఇంజిన్‌ను నిద్ర లేపింది.

ఇక పాత బండి. దాని చాంబరు కింద ఒక అయస్కాంతం హీటరు తగిలించి, బ్లాకు హీటరు వైరూ పెట్టి, మమ్మల్ని ఇంట్లోకి తీసుకుపోయాడు. కాఫీ పేరుతో వాళ్లిచ్చే నల్ల కషాయం తాగడానికి ధైర్యం కావాలి. ఆయన భార్య పెట్టిన బంగాళదుంప రొట్టె, చక్కెర చల్లి చుట్టింది, మాత్రం మా ఆవిడకు చేయించి తినిపించాలనిపించింది. రెండు గంటలు కూర్చుని వెళ్లి సెల్ఫ్ కొడితే, ఈసారి మూలుగు లేదు. గిర్రున తిరిగి మూడో చుట్టులో అందుకుంది. నిమిషం పాటు తెల్ల పొగ, అంటే కాలని డీజిలు, వచ్చి తర్వాత శుభ్రమైంది. వెంటనే గేరు వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంజిన్ కాగినా గేరుబాక్సు, హైడ్రాలిక్ ఆయిల్ ఇంకా మైనస్ ముప్పైలోనే ఉన్నాయి. ఐదారు నిమిషాలు నడవనిచ్చి, బకెట్‌ను మెల్లగా రెండుసార్లు ఎత్తి దించి, అప్పుడు బయటికి తీశాడు.

స్టార్టు కాని ఇంజిన్‌లోకి ఈథరు కొట్టే డబ్బా ఒకటి గూట్లో దుమ్ము పట్టి ఉంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో అది కొడితే పిస్టన్ పైకొచ్చేలోపే పేలి కడ్డీ వంచుతుందని తెలిసినవాడికెవరికీ చెప్పక్కర్లేదు. మన లారీ డ్రైవర్లు గాలి గొట్టం దగ్గర గుడ్డ వెలిగించడం కూడా ఆ కుటుంబానికి చెందిన తెలివే. కాకపోతే మన చలికి అది క్షమిస్తుంది.

హీటరు చేయలేని పని ఒకటుంది, దాన్ని ఆయన రెండు సీసాల్లో చూపించాడు. కొట్టం కిటికీలో రెండు గాజు సీసాలు, రెండింట్లో డీజిలే. ఒకటి వేసవిది: పేరిన నెయ్యిలా తెల్లగా పలుకులు కట్టింది. రెండోది చలికాలం కోసం తేలిక రకం కలిపినది, నీళ్లలా కదులుతోంది. డీజిల్లో మైనం ఉంటుంది. చలికి అది పలుకులు కట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఇంజిన్ ఎంత వెచ్చగా ఉన్నా ఫిల్టరు దాటి డీజిలు రాకపోతే ఏం లాభం? బండి స్టార్టయి వంద గజాలు పోయి ఆగిపోతుంది, ఎయిర్ పట్టిందనుకుంటాం. అందుకే అక్టోబరులోనే ట్యాంకు ఖాళీ చేసి చలికాలం డీజిలు నింపుకుంటారు.

మన దేశంలో ప్రమాణం ప్రకారం డీజిలు చలికాలంలో 3 డిగ్రీల దాకా, మిగతా రోజుల్లో 15 దాకా పారితే సరిపోతుంది. ఆంధ్రకు అది ఎక్కువే. లద్దాఖ్‌కు ఏమూలకూ చాలదు. అక్కడ ట్యాంకు కింద స్టవ్వు వెలిగించి, మంట పెట్టి బండి లేపడం డ్రైవర్ల కథల్లో పాతది. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీలో తయారు చేసిన చలి డీజిలు 2019 నవంబరులో అక్కడికి చేరింది. మైనస్ 33 దాకా గడ్డకట్టనిది. ఆ సంగతి చెబితే, హీటరు కూడా ఇస్తున్నారా అని అడిగాడాయన. మూడు గంటలు నికరంగా కరెంటు ఉండాలి కదా ముందు, అన్నాను. అల్లుడు దాన్ని అనువదించలేదు.

మధ్యాహ్నం బీటు గుట్టల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్టోబరులో తవ్విన దుంపల్ని ఆరుబయట కొండల్లా పోసి, ఫ్యాన్లతో చల్లగాలి లోపలికి తోలి గడ్డకట్టిస్తారు. ఫ్యాక్టరీ వసంతం దాకా ఆ గుట్టల్ని తవ్వుకుంటూ చక్కెర ఆడుతుంది. ఆ ఫ్యాక్టరీ కూడా రైతులదే. అమెరికన్ క్రిస్టల్ షుగర్‌ను 1973లో బీటు రైతులు సహకార సంఘంగా కలిసి కొనుక్కున్నారు. అదంతా చూస్తుంటే గుంటూరు మిర్చి గుర్తొచ్చింది. మన రైతు ధర లేక బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఏడెనిమిది డిగ్రీల లోపు చలికి అద్దె కట్టి, రంగు తగ్గకుండా కాపాడుకుంటాడు. ఆ సంగతి చెప్పాను. ఎర్ర మిరపకాయకు చలి కావాలా అని ఆయన నమ్మలేదు. ఫోనులో యార్డు ఫోటో చూపించాక కాసేపు ఆ ఎరుపునే చూశాడు.

"అయితే మీరు కరెంటు పెట్టి చల్లబెడతారు, మేం కరెంటు పెట్టి వెచ్చబెడతాం. జనవరిలో బస్తాలన్నీ ఇక్కడికి పంపించండి, అద్దె తీసుకోను" అన్నాడు.

"మే నెలలో మీ ట్రాక్టర్లు వేటపాలెం తోలండి. వైరూ అక్కర్లేదు, టైమరూ అక్కర్లేదు" అన్నాను.

అల్లుడు దీన్ని మాత్రం అనువదించాడు. ఆయన నవ్వలేదు, ఆలోచించాడు. ఎండ ఎన్ని డిగ్రీలుంటుందని అడిగాడు. 44, 45 అన్నాను. అంత ఎండలో ఇంజిన్ కాగకుండా మీరేం చేస్తారని అడిగాడు. థర్మోస్టాటు పీకేస్తామని చెప్పడానికి నోరు రాలేదు. కూలెంటు సగం సగం కలుపుతామని చెప్పమన్నాను అల్లుడితో.